హారోబర్న్ గరిటెలు

1959 జనవరిలో ఫుట్‌బాల్ కప్పు పోటీకి చీటీలు తీస్తే మా హారోబర్న్ జట్టుకీ, వాగు అవతలి కిల్డెన్ జట్టుకీ ముడిపడింది. ఆ సంగతి నాకు బస్సులోనే తెలిసింది. అప్పటికి ఆరేళ్ళుగా ఆ రెండు గని ఊళ్ళ మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా చేస్తున్నాను. ఎవరు ఏ ఊరివాళ్ళో టిక్కెట్టు అడక్కముందే చెప్పగలిగేదాన్ని. కిల్డెన్‌వాళ్ళు ఎడమవైపు కూర్చునేవారు, మావాళ్ళు కుడివైపు. ఆ నియమం ఎవరూ పెట్టింది కాదు.

మా జట్టుని అందరూ ‘గరిటెలు’ అంటారు. వాళ్ళది ‘కొంగలు’. ఆటల్లో ఎవరు గెలిచినా ఓడినా ఆ పేర్ల తగవు మాత్రం ఎప్పటికీ తేలేది కాదు.

“గరిటెలొస్తున్నాయర్రా, మీ గిన్నెలు దాచుకోండి!” అన్నాడు ఆ ఉదయం టామ్ స్పిట్టల్ ఎడమవైపు నుంచి. కిల్డెన్ గనిలో గుర్రాలు చూసుకునే మనిషి, యాభైకి దగ్గరపడ్డాడు. నోరు పెద్దది.

“వాగులో ఒంటికాలి మీద నిలబడి మా బొగ్గు ఏరుకున్న జనమా మాకు చెప్పేది?” అన్నాడు కుడివైపు నుంచి ఎక్ పర్వస్. మా క్లబ్బు కార్యదర్శి.

“తెల్ల మేజోళ్ళు వేసుకుని ఆడేవాళ్ళం కాబట్టి కొంగలన్నారు. చదువుకున్నవాడినెవడినైనా అడుగు.”

“మీ ఊళ్ళో చదువుకున్నవాడు దొరికాక అడుగుతాలే.”

బస్సంతా నవ్వింది, ఎడమవైపుతో సహా. నేను గంట కొట్టాను. ఆ తగవు అప్పటికి అంతే, పొద్దున్నపూట చలి కాచుకోవడానికి పనికొచ్చే మాటలు.

మా పేరుకి మేం చెప్పే కథ ఇది. పందొమ్మిది వందల ఇరవయ్యారులో కూలి తగవు ముదిరి ఏడునెలలు గనులు మూతపడ్డప్పుడు మా ఆటస్థలంలో, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో, ఇంత పెద్ద కాగు పెట్టి సూపు కాచారు. బార్లీ, టర్నిప్ దుంపలు, దొరికిన రోజున ఎముకలు. కిల్డెన్‌లో ఉన్న ఒక్క హాలూ గని యజమానిది, ఆయన తాళం వేసుకున్నాడు. అందుకని వాళ్ళూ మా దగ్గరికే వచ్చేవారు. రెండు ఊళ్ళకీ గరిటెతో పోసింది మా ఆటగాళ్ళే. అందువల్ల గరిటెలు. వినడానికి బాగుంటుంది, చిన్నప్పుడు బళ్ళో కూడా గర్వంగా చెప్పుకునేవాళ్ళం.

పైగా ఆ గరిటె పట్టుకున్నది మా నాన్న, వాటీ డ్యూవర్. అప్పటి గోలీ, అంటే గోలు కాచేవాడు. చెయ్యి పొడుగు, కాగు అడుగు అందేది ఆయనకే. కాని ఆ కథ ఎవరైనా ఎత్తితే నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. గొప్పలు చెప్పుకోవడం ఇష్టంలేదేమో అనుకునేదాన్ని. గనిలో ఊపిరితిత్తులు పాడయ్యాక ఆయనకి మిగిలిన పని ఒక్కటే, ప్రతి శనివారం పొద్దున్నే ఆటస్థలంలో సున్నంతో గీతలు గీయడం. తాడు పట్టకుండా గీసేవాడు. ఒక్క గీత వంకరపోయేది కాదు.

మా ప్రాంతపు వారపత్రిక సంపాదకుడికి ఆ నెలలో వేరే వార్తలు లేవు కాబోలు, ‘మన జట్లకి ఈ పేర్లెలా వచ్చాయి? తెలిసినవారు రాయండి’ అని వేశాడు. మొదటి రెండు వారాలూ సరదాగా గడిచాయి. కొంగల మీద అయిదు ఉత్తరాలు, గరిటెల మీద ఏడు. మూడోవారం ‘పాత కొంగ’ అనే సంతకంతో ఒకటి వచ్చింది.

‘గరిటెలన్న పేరు పెట్టింది మేము, కిల్డెన్‌వాళ్ళం. మెచ్చుకుని పెట్టింది కాదు. వాళ్ళ గోలీ తనవాళ్ళకి అడుగునుంచి తోడి చిక్కగా పోసేవాడు, మాకు పైనుంచి నీళ్ళు పోసేవాడు. నా కళ్ళతో చూశాను. అలా నీళ్ళు పోయించుకున్న ఒక తల్లి ఆ శరదృతువులోనే తన బిడ్డని పూడ్చుకుంది. ఆ గోలీ ఇంకా బతికే ఉన్నాడు. కాదంటే కాదని చెప్పమనండి.’

ఆ రోజు బస్సులో గరిటెల మాట, కొంగల మాట రాలేదు. టిక్కెట్లిస్తూ నడుస్తుంటే కుడివైపువాళ్ళు నా మొహం చూడకుండా చెయ్యి చాచారు.

ఆ శనివారం నాన్న గీతలు గీయడానికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదన్నాడు. ఎక్ పర్వస్ తనే గీశాడట, గోలుముందు నలుచదరపు గడి గుండ్రంగా వచ్చిందని జనం నవ్వారు.

ఆదివారం మధ్యాహ్నం ఎక్ మా ఇంటికొచ్చాడు. జేబులోంచి మడత కాయితం తీసి బల్లమీద పరిచాడు.

“ఇదంతా పచ్చి అబద్ధమని నేనే రాసుకొచ్చాను వాటీ. నువ్వు సంతకం పెట్టు చాలు. వచ్చేవారం ఆటలోగా పడాలి. ఆ స్పిట్టల్‌గాడే రాశాడని ఊరంతా తెలుసు. నోరు మూయిద్దాం.”

నాన్న కాయితం చదివాడు. రెండోసారి కూడా చదివాడు. కలం తీసుకోలేదు.

“నేను పెట్టలేనురా ఎక్.”

“ఏం? రాయడం బాలేదా?”

“రాత బానే ఉంది. అబద్ధమని రాశావు. అది అబద్ధం కాదు.”

అమ్మ పొయ్యిమీంచి కెటిల్ దించింది. ఎక్ టోపీకోసం బల్లకింద, కుర్చీవెనక వెతికాడు. అది తలమీదే ఉంది. అమ్మ చెప్పాక తడుముకుని, “మళ్ళీ వస్తాలే వాటీ” అని వెళ్ళిపోయాడు. కాయితం అక్కడే వదిలేశాడు.

నేను నాన్నకి ఎదురుగా కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

“ఒక్కరోజు. అక్టోబరులో. ఆ రోజు కాగులో సగం కూడా లేదు. మీ అమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. నువ్వు ఏడో నెల. వారం నుంచీ లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటోంది. చెయ్యి దానంతటదే అడుగుకి పోయింది. బార్లీ, దుంపలు, ఒక ఎముక, అన్నీ ఆ గరిటెలోనే వచ్చేశాయి. వెనకే కిల్డెన్ మనిషి, గౌర్లే భార్య. ఆమెకి మిగిలింది నీళ్ళే. గిన్నెలోకి చూసుకుంది. తలెత్తి నావైపు చూసింది. పక్కకి వెళ్ళి తాగేసింది.”

ఊపిరి అందక ఆగాడు. అమ్మ నీళ్ళు అందించింది.

“తొమ్మిదోరోజున వాళ్ళ పాప పోయిందని తెలిసింది. నాలుగేళ్ళది.”

“ఆమెతో ఎప్పుడైనా మాట్లాడావా నాన్నా?”

“ఏమని మాట్లాడను? నీ పిల్లని చంపింది నేనేనా అని అడగనా?”

“నేను కావాలని అడగలేదు నెట్టా,” అంది అమ్మ. ఆమె నిలబడే ఉంది. “కాని గిన్నెలోకి చూడగానే తెలిసింది. తెలిసే తిన్నాను. ఎముక కూడా చీకాను. అదీ చెప్పాలి కదా.”

ముప్పైరెండేళ్ళు ఇద్దరూ ఈ సంగతి ఇంట్లో పెట్టుకుని బతికారన్నమాట. నాకు కోపం రాలేదు. ఆ చిక్కటి సూపు తిన్నది అమ్మే అయినా, అది చేరింది నాకు. ఆ పూట టీ తాగుతుంటే నా చేతులు నాకే కొత్తగా కనిపించాయి.

మర్నాడు స్పిట్టల్ బస్సెక్కినప్పుడు టిక్కెట్టు చింపుతూ అడిగాను, “ఆ బిడ్డ తల్లి ఎక్కడుంది?”

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. “నీమీద నాకేం లేదు పిల్లా.”

“అది కాదు నేనడిగింది.”

“కర్కాల్డీలో ఉంది, చెల్లెలింట్లో. భర్త పోయాక అక్కడికే పోయింది. రేవు పక్క వీధి.”

“పాప ఎలా పోయిందో ఆవిడ్ని అడిగావా?”

“నాకప్పుడు పధ్నాలుగేళ్ళు. వరసలో ఆమె వెనకే ఉన్నాను. గిన్నెలో నీళ్ళు చూశాను. తర్వాత పాప పోయింది. ఇంకేం అడగాలి?” అన్నాడు. కాని గొంతులో ఎప్పుడూ ఉండే జోరు లేదు.

బుధవారం నాకు సెలవు. ఇంట్లో చెప్పకుండా కర్కాల్డీ వెళ్ళాను. ఆ రోజు గాలి రేవువైపు నుంచి వీస్తోంది, నేలమీద పరిచే లినోలియం తయారుచేసే ఫ్యాక్టరీ వాసన ఊరంతా కమ్మేసింది. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తీసిన ముసలావిడ చేతిలో సగం చెక్కిన బంగాళాదుంప ఉంది.

“మిసెస్ గౌర్లే మీరేనా అండీ? నేను హారోబర్న్ నుంచి వచ్చాను. వాటీ డ్యూవర్ కూతుర్ని.”

“వాటీ డ్యూవర్ ఎవరు?” అంది.

దారిపొడుగునా ఎన్ని జవాబులు ఊహించుకున్నానో. ఇది మాత్రం ఊహించలేదు.

లోపల కూర్చోబెట్టింది. పత్రిక తీసి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివింది. అయ్యాక కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఈ తల్లిని నేనేనా?”

“అవునంటున్నారండీ.”

“నా ఎల్స్‌పెత్ గురించి ఇంతమంది మాట్లాడుకుంటున్నారు. నాతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు చూశావా.” పత్రికని మడిచి నాకిచ్చేసింది. “దానికి డిప్తీరియా వచ్చింది. ఆ అక్టోబరులో మా వీధిలో నలుగురు పిల్లలకి వచ్చింది. అంటువ్యాధుల ఆసుపత్రిలో పెట్టేశారు, లోపలికి రానిచ్చేవారు కాదు. కిటికీ బయట నిలబడి చూసి రావడమే. మూడు మైళ్ళు పోను, మూడు మైళ్ళు రాను. వచ్చేటప్పుడు దారిలో మీ ఊళ్ళో సూపు పోస్తుంటే వరసలో నిలబడేదాన్ని.”

“అయితే ఆ రోజు సూపు...”

“నాకే. పాపకి తీసుకెళ్ళడానికి ఎక్కడ కుదురుతుంది? అప్పటికి వారంనుంచీ అది ఆసుపత్రిలోనే ఉంది. దానికి ఏదీ గొంతు దిగేది కాదు.”

ఆవిడ నన్నే చూస్తోంది.

“నీళ్ళగా ఉందని తలెత్తి మా నాన్న మొహంలోకి చూశారటండీ మీరు.”

“మీ నాన్న మొహం నాకు బొత్తిగా గుర్తులేదమ్మా. నీళ్ళగా ఉందా? ఉండే ఉంటుంది. అప్పటికి అందరిదీ అలాగే ఉండేది. వేడిగా ఉంది, అది గుర్తుంది. ఆ ఆరు మైళ్ళకీ అదే నాకు.” బంగాళాదుంపని బల్లమీద పెట్టింది. “ఇంకొకటి కూడా గుర్తుంది. నా ముందు ఒకామె నిండు కడుపుతో నిలబడి ఉంది. ఆమె పక్కకి తిరిగితే అలాగే చూస్తూ ఉండిపోయాను. నాకప్పుడు ఏడుపొచ్చింది. అసూయో ఏమో, చెప్పలేను.”

“ఆవిడ మా అమ్మ.”

“అయితే అది నువ్వు!” అంది.

నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చేతికి దుంప తడి అంటింది. ఎల్స్‌పెత్ ఫోటో ఒకటి తెచ్చి చూపించింది. కుర్చీమీద నిలబెట్టి తీసింది, ఒక చెప్పు జారిపోతోంది. ఆ పాప గురించి గంటసేపు చెప్పింది. కోళ్ళని తిట్టేదట. తండ్రి దగ్గర నేర్చుకున్న తిట్లే తిట్టేదట. చెబుతూ నవ్వింది, నేనూ నవ్వాను. తిరిగి బస్సెక్కాక మాత్రం రెండు స్టాపులు గడిచేదాకా కిటికీవైపే తిరిగి కూర్చున్నాను. ఆ బస్సు కండక్టరు నాకు తెలిసినవాడే, టిక్కెట్టు అడగలేదు.

ఇంటికొచ్చి చెప్పాను. నాన్న కుర్చీలో ముందుకి వంగి విన్నాడు.

“వారంనుంచీ ఆసుపత్రిలోనే ఉందా?”

“అవును నాన్నా.”

“ఆవిడే చెప్పిందా? నువ్వు మాటలు అందించలేదు కదా?”

“ఆవిడే చెప్పింది.”

“మళ్ళీ మొదట్నుంచి చెప్పు.”

మళ్ళీ చెప్పాను. అమ్మ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న ఏడవలేదు. బూట్లు విప్పుకుని, కాళ్ళు నిప్పువైపు చాపి, అలాగే కుర్చీలో నిద్రపోయాడు. ఆయన పగలు నిద్రపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. దగ్గు కూడా రాలేదు.

ఆదివారం ముగ్గురం కర్కాల్డీ వెళ్ళాం. నాన్న పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకున్నాడు. గుమ్మంలోనే టోపీ తీసి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

“మీ పాప సంగతి మా అమ్మాయి చెప్పింది. అయినా నేను చేసింది చేశాను. ఆ రోజు మీకు నీళ్ళు పోశాను. తెలిసే పోశాను.”

“నేను తాగాను,” అంది మిసెస్ గౌర్లే. “ఇంక కూర్చోండి. టీ చల్లారిపోతుంది.”

అమ్మ ఆవిడ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు, ఫోటో మాత్రం అమ్మ ఒళ్ళో కనిపించింది. నాన్నకి ఆవిడ చెల్లెలు వెన్న రాసిన స్కోను రొట్టె ఇచ్చింది. తిన్నాడు. ఇంకోటి కావాలా అంటే కావాలన్నాడు.

మర్నాడు ఎక్ వదిలేసిన కాయితం వెనకవైపే నాన్న ఉత్తరం రాశాడు. ‘ఆ గోలీని నేనే. ఒక్కరోజు అలా చేశాను. నా భార్య నిండు గర్భిణి. ఆమె వెనక ఎవరున్నారో చూసి కూడా చేశాను. ఆ పాప డిప్తీరియాతో పోయింది, తల్లి అనుమతితోనే ఇది రాస్తున్నాను. గరిటెలన్న పేరు కిల్డెన్‌వాళ్ళు నావల్లే పెట్టి ఉంటే అందులో వాళ్ళ తప్పు లేదు. వాల్టర్ డ్యూవర్, హారోబర్న్.’

ఎక్ చదివి తల పట్టుకున్నాడు. “ఆట ముందురోజు ఇదా వాటీ వెయ్యడం? వాళ్ళు మనల్ని బతకనిస్తారా?”

“వెయ్యమను,” అన్నాడు నాన్న. “సున్నం తడిపి ఉంచు. శనివారం నేనొస్తాను.”

శుక్రవారం పత్రిక వచ్చింది. శనివారం పొద్దున్న బస్సులో టామ్ స్పిట్టల్ నా ఎదురుగా చాలాసేపు నిలబడ్డాడు. ఏదో అందామని వచ్చి, చివరికి జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళల పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు.

“ఒకటి నీకు. మిగతావి మీ నాన్నకి,” అన్నాడు. అతనినుంచి అంతకంటే ఎక్కువ రాదని రెండు ఊళ్ళకీ తెలుసు.

ఆటకి రెండు ఊళ్ళూ ఖాళీ అయ్యాయి. కిల్డెన్‌వాళ్ళు ఎప్పట్లాగే గిన్నెలు తెచ్చి వాయించారు. నాన్న గోలుపక్కన జనానికి అడ్డంగా కట్టిన తాడుకి ఆనుకుని నిలబడితే గిన్నెల మోత కాసేపు తగ్గింది, మళ్ళీ మొదలైంది. తగ్గినప్పటికంటే మళ్ళీ మొదలైనప్పుడే నాకు హాయిగా అనిపించింది. రెండు ఒకటితో మేం ఓడిపోయాం. రెండో గోలు మా గోలీ కాళ్ళ మధ్యనుంచి పోయింది. నాన్న అతన్ని తిట్టిన తిట్లు తాడు అవతల కిల్డెన్ ఆడవాళ్ళకి కూడా వినిపించాయి.

తర్వాతి శుక్రవారం నేను ఇంటికొచ్చేసరికి నాన్న పత్రిక ముందేసుకుని కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఊపిరి ఆడటం లేదేమోనని పరిగెత్తాను. నవ్వుతున్నాడు. మాట రాక పత్రిక నావైపు తోశాడు.

మూడు ఉత్తరాలున్నాయి. మా ఊరి ఎనభైనాలుగేళ్ళ పెద్దాయన రాశాడు: ‘శ్రీ డ్యూవర్ పొరబడ్డారు. గరిటెలన్న పేరు 1909 నుంచే ఉంది. అప్పటి మా డిఫెండరు పాదాలు గరిటెలంత పెద్దవి. ఆయన నా బావమరిది.’ కిల్డెన్ నుంచి ఒకాయన అదీ కాదన్నాడు, హారోబర్న్‌వాళ్ళు మొదట గెలిచిన కప్పు గరిటెలా వంకరగా ఉండటంవల్ల వచ్చిందన్నాడు. మూడోది ఒక బడిపంతులు రాశాడు. ‘శ్రీ డ్యూవర్ నిజాయితీని గౌరవిస్తాం, కాని ఇరవయ్యారు నాటి విషయాల్లో ఆయనకి బొత్తిగా సమాచారం లేనట్టుంది’ అని మొదలుపెట్టాడు.

అమ్మ సబ్బుచేతులతోనే వంటింట్లోంచి వచ్చింది. “ఏమైంది? ఏమైంది?”

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ నవ్వొచ్చింది, మళ్ళీ తుడుచుకున్నాడు.

“నాకేం తెలీదట ఎఫీ!” అన్నాడు అమ్మతో. “ఆ ఇరవయ్యారు సంగతి అసలు నాకేమీ తెలీదట!”